బ్యాటిల్ రాయల్ రెండో భాగంలో రక్తం ఎక్కువే, మరి బాధ ఎందుకు లేదు?

మీరు అడిగింది ఇదీ. ఒక క్లాసు పిల్లల్ని దీవిలో వదిలి, ఒక్కరే మిగిలేదాకా ఒకళ్లనొకళ్లు చంపుకోమనే జపాన్ సినిమా, మొదటి 'బ్యాటిల్ రాయల్' చూశాక కొన్ని రోజులు దాని ధ్యాసలోనే ఉన్నారు, ఆ ఊపులో రెండోది పెట్టుకుంటే సగానికే విసుగొచ్చింది. తుపాకులు, బాంబులు, చావులు మొదటిదాని కంటే ఎక్కువే ఉన్నా ఒక్కటీ మనసుకు తగల్లేదు. లోపం మీలో ఉందా, సినిమాలో ఉందా, పొడుగు వెర్షన్ చూస్తే ఏమైనా మారుతుందా, లేకపోతే ఇంకేం చూడాలి అని అడిగారు. మీరు రెండూ చూసేశారు కాబట్టి కథ దాచకుండా రాస్తున్నాను, చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే ఆపేయండి.

లోపం సినిమాదే. అయితే చాలామంది చెప్పే కారణాలు నాకు నచ్చవు. "రాజకీయాలు ఎక్కువయ్యాయి" అంటారు, "అమెరికాని తిట్టారు" అంటారు, "తండ్రి తీసినట్టు కొడుకు తీయలేకపోయాడు" అని తేల్చేస్తారు. ఇవన్నీ పైపై మాటలు. అసలు సంగతి ఏమిటంటే, మొదటి సినిమాలో చచ్చిపోయే ప్రతి పిల్లకీ పిల్లాడికీ చంపేవాళ్లతో ఏదో ఒక సంబంధం ఉంది. రెండోదాంట్లో ఆ సంబంధం తెగిపోయింది. హింసకి బరువు వచ్చేది అక్కడే, పోయేదీ అక్కడే.

మొదటిదాంట్లో లైట్‌హౌస్ సీన్ గుర్తు తెచ్చుకోండి. ఆరుగురు అమ్మాయిలు, ఒకే క్లాసు, లైట్‌హౌస్‌లో తలదాచుకున్నారు. గాయపడిన హీరో షూయాని తీసుకొచ్చి పై గదిలో పడుకోబెట్టారు, వాళ్లలో లీడర్ లాంటి అమ్మాయికి అతనంటే ఇష్టం, ఆ మాట పైకి చెప్పేసింది కూడా. కింద వంట జరుగుతోంది. మాటలు, నవ్వులు, చిన్న చిన్న ఎత్తిపొడుపులు, అచ్చం స్కూల్ పిక్నిక్‌లో ఉన్నట్టే ఉంటారు. వాళ్లలో ఒకమ్మాయి మాత్రం షూయా చేతిలో ఇంకో కుర్రాడు చచ్చిపోవడం కళ్లారా చూసింది. అది ప్రమాదమని ఆ పిల్లకి తెలియదు, ఆమె కళ్లకి అతను హంతకుడు. అందుకని షూయాకి పంపబోయే ప్లేటులో విషం కలిపింది. ఇంకో పిల్ల ఆకలికి ఆగలేక ఆ ప్లేటులోంచే తినేసింది, అంతే, రక్తం కక్కుకుని పడిపోయింది. ఆ తర్వాత గదిలో ఏం జరుగుతుందో చూడండి. ఎవరు కలిపారు, నువ్వేనా, నువ్వెందుకు తినలేదు, మొన్నటి నుంచీ నీ మీద నాకు అనుమానమే... ఒకరు తుపాకీ అందుకుంటారు, రెండు నిమిషాల్లో అందరూ నేల మీద ఉంటారు. మిగిలింది ఒక్కతే, విషం కలిపిన పిల్ల. ఆమె లైట్‌హౌస్ పై నుంచి దూకేస్తుంది.

అక్కడ పేలిన తూటాలు ఎన్ని? రెండో భాగంలో తీరం మీద దిగే సీన్‌తో పోలిస్తే లెక్కలోకే రావు. అయినా గుండె పట్టేస్తుంది, ఎందుకంటే ఆ తూటాలు వచ్చింది స్నేహంలో ఎప్పటి నుంచో ఉన్న చిన్న చిన్న అసూయల్లోంచి. పదిహేనేళ్ల పిల్లల క్లాసులో ఉండేవన్నీ, ఎవరు ఎవర్ని ఇష్టపడుతున్నారు, ఎవరు ఎవర్ని పక్కన పెట్టారు, ఎవరు ఎవరి గురించి చాటున ఏమన్నారు, ఇవే ఆ సినిమాలో అసలు ఆయుధాలు. తుపాకీ అదృష్టం కొద్దీ దొరికేది. షూయాకి దొరికింది గిన్నె మూత, అతనితో పాటే తిరిగే నోరికోకి బైనాక్యులర్స్. చచ్చిన ప్రతిసారీ తెర మీద వాళ్ల పేరు, హాజరు పట్టీలో నంబరు, ఇంకా ఎంతమంది మిగిలారో పడుతుంది. ఆ అక్షరాలు చూసినప్పుడు మనకి కలిగే వణుకు, అది ఎవరి పేరో మనకి తెలిసి ఉండటం వల్ల వచ్చింది.

ఇప్పుడు రెండోదాని సంగతి. మూడేళ్ల తర్వాత కథ. షూయా 'వైల్డ్ సెవెన్' అనే దళానికి నాయకుడు, టోక్యోలో జంట భవనాలు కూల్చేశాడు, పెద్దలందరి మీదా యుద్ధం ప్రకటించాడు. ప్రభుత్వం 42 మంది పిల్లల క్లాసుని పట్టుకుని, పేలే మెడపట్టీలు తగిలించి, చేతికి తుపాకులిచ్చి, అతన్ని చంపి రమ్మని దీవికి పంపుతుంది. గడువు 72 గంటలు. గమనించారా? ఆట నియమమే మారిపోయింది. మొదటిదాంట్లో పిల్లలు ఒకళ్లనొకళ్లు చంపుకోవాలి, కాబట్టి ప్రతి సీనులోనూ "నా పక్కనున్నవాణ్ని నమ్మాలా వద్దా" అనే టెన్షన్ ఉంది. ఇక్కడ వాళ్లంతా ఒకే వైపు, ఎదురుగా ఎవరో తెలియని శత్రువు. అది మామూలు యుద్ధ సినిమా అయిపోయింది. యుద్ధ సినిమా తీయడం తప్పు కాదు, కానీ ఆ పిల్లల్ని మనకి పరిచయం చేసే సమయం కూడా ఇవ్వకుండా పడవల్లో ఎక్కించి ఒడ్డు మీద దింపేశారు. కెమెరా ఊగిపోతుంటుంది, ఇసుక లేస్తుంటుంది, అందరూ ఒకే యూనిఫాంలో, ఒకే హెల్మెట్‌లో, అరుస్తూ పడిపోతుంటారు. సినిమా సగానికి రాకముందే క్లాసులో సగానికి పైగా పిల్లలు పోతారు. ఎవరు పోయారు? మీకు గుర్తుందా? నేను ఎన్నిసార్లు చూసినా చెప్పలేను, ఎందుకంటే వాళ్లెవరో సినిమా నాకు చెప్పలేదు.

చేతిలో మంచి ఆలోచన ఉండి కూడా ఇలా జరగడమే నాకు ఎక్కువ బాధ. ఈసారి మెడపట్టీలు జంటలుగా పనిచేస్తాయి. నంబర్ల ప్రకారం ఒక అబ్బాయికి ఒక అమ్మాయి జంట. ఒకరు చనిపోతే రెండోవాళ్ల పట్టీ పేలుతుంది, ఇద్దరి మధ్య దూరం 50 మీటర్లు దాటినా పేలుతుంది. మొదట్లో, ఆ పంజరం లాంటి చోట, యుద్ధానికి ఒప్పుకోని కుర్రాణ్ని టీచర్ కాల్చేస్తే, అతని జంట అమ్మాయి మెడలో పట్టీ మోగడం మొదలవుతుంది చూశారా, అప్పుడు మాత్రం ఊపిరి ఆగుతుంది. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు, ఏ నిర్ణయమూ తీసుకోలేదు, పక్కవాడు ధైర్యం చేసినందుకు ప్రాణం పోతోంది. ఈ ఒక్క నియమం మీద సినిమా మొత్తం నడిపించవచ్చు! అసహ్యించుకునేవాడితో 50 మీటర్ల లోపల బతకాల్సి వస్తే ఏమవుతుంది, గాయపడినవాణ్ని మోసుకుంటూ తిరగాల్సి వస్తే ఏమవుతుంది, ఒకరు పారిపోదామని ఇంకొకరు పోరాడదామని అంటే ఏమవుతుంది. ఇన్ని ప్రశ్నలు పుట్టించే నియమాన్ని కాసేపు వాడుకుని, దీవి లోపలికి వెళ్లాక పట్టీలు తీసేయించి పక్కన పడేశారు. అక్కడి నుంచి మిగిలింది ప్రసంగాలు, మళ్లీ కాల్పులు, మళ్లీ ప్రసంగాలు.

షూయా పాత్ర గురించి కూడా చెప్పాలి, మీ నిరాశలో పెద్ద వాటా అదే అనుకుంటున్నాను. మొదటి సినిమాలో అతను ఎవరు? ఉద్యోగం దొరక్క ఉరేసుకున్న తండ్రికి కొడుకు. "ధైర్యంగా ఉండు షూయా" అని ఆ తండ్రి టాయిలెట్ పేపర్ మీద రాసి వదిలిపెట్టి పోయాడు, ఆ కాగితం చుట్టలు చూసుకుంటూ నిలబడిన పిల్లాడు అతను. ఎవర్నీ చంపకూడదనుకున్నవాడు. అలాంటివాడు వేలమంది మామూలు జనం ఉండే భవనాలు కూల్చే స్థితికి ఎలా వచ్చాడు? మనం నిజంగా చూడాల్సిన కథ అది. ఆ దారి ఎక్కడ మొదలైంది, నోరికో ఏమంది, ఆ రాత్రి అతనికి నిద్ర పట్టిందా? సినిమా ఆ ప్రశ్నను తడిమి వదిలేస్తుంది. షూయాగా చేసిన తత్సుయా ఫుజివారా మంచి నటుడు, కళ్లలో అలసట బాగానే చూపించాడు, కానీ అతని చేతికిచ్చింది మనిషిని కాదు, జెండాని.

ఇది ఎందుకిలా అయిందో తెలియాలంటే తండ్రీ కొడుకుల సంగతి కొంచెం చెప్పాలి. మొదటిదాని దర్శకుడు కింజి ఫుకసాకు 1930లో పుట్టారు. యుద్ధం చివర్లో ఆయనకి పదిహేనేళ్లు, క్లాసు మొత్తాన్నీ ఆయుధాల ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. ఆ ఫ్యాక్టరీ మీద ఫిరంగి దాడి జరిగినప్పుడు పిల్లలు ఒకరి కింద ఒకరు దూరి ప్రాణాలు దక్కించుకున్నారని, తర్వాత చచ్చిపోయిన తోటివాళ్ల శవాలు ఏరే పని కూడా తమదే అయిందని ఆయన చెప్పుకున్నారు. పెద్దవాళ్లు చెప్పినవన్నీ అబద్ధాలని తనకి ఆరోజే తెలిసిందనేది ఆయన మాటల సారం. 1999లో వచ్చిన కౌషున్ తకామి నవల ఆయన చేతిలో పడినప్పుడు, అది ఆయనకి ఎప్పుడో భవిష్యత్తులో జరిగే కథలా అనిపించి ఉండదు. పదిహేనేళ్ల క్లాసు, పెద్దలు చావమని పంపడం, పక్కవాడి ఒంటిని అడ్డు పెట్టుకుని బతకడం, ఇవన్నీ ఆయన చూసినవే. 2000 డిసెంబరులో సినిమా విడుదలయ్యే నాటికి ఆయనకి 70 ఏళ్లు. జపాన్ పార్లమెంటులో దాని మీద గొడవ జరిగింది, పదిహేనేళ్ల లోపు వాళ్లు చూడకూడదని రేటింగ్ ఇచ్చారు. ఆయన మాత్రం అది ఆ వయసు పిల్లల కోసమే తీశానన్నారు.

రెండో భాగం మొదలయ్యేసరికి ఆయనకి ప్రొస్టేట్ క్యాన్సర్ ముదిరిపోయింది. 2002 సెప్టెంబరులో బయటికి చెప్పారు, అయినా షూటింగ్ మొదలుపెట్టారు, మొదటిదాంట్లో టీచర్‌గా చేసిన తకేషి కితానోతో ఒక్క సీను తీసి 2003 జనవరి 12న కన్నుమూశారు. మిగిలిన సినిమా మొత్తం కొడుకు కెంటా తీశాడు. దర్శకుడిగా అతనికి అదే మొదటిది, వయసు ముప్ఫై. ఆ జూలై 5కల్లా సినిమా థియేటర్లలో ఉంది. తండ్రి పోయిన ఆరు నెలల లోపల, అంత పెద్ద సినిమాని, అంతమంది పిల్లలతో పూర్తి చేయడం మాటలు కాదు. కెంటాని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మొదటిదానికి స్క్రీన్‌ప్లే రాసింది అతనే, మీకు నచ్చిన లైట్‌హౌస్ సీను అతని రాతలోంచి వచ్చిందే. ఒక తేడా మాత్రం ఉంది. మొదటిదానికి నవల వెన్నెముకగా ఉంది, ఆ నవలలో ఒక్కో విద్యార్థికీ ఒక్కో జీవితం ఉంది. రెండోదానికి నవల లేదు, ఉన్నది ఆ రోజుల్లో వార్తలు చూసి రగిలిన కోపం.

ఆ కోపం అబద్ధం కూడా కాదు. రెండో భాగంలో టీచర్ బోర్డు మీద దేశాల పేర్లు వరసగా రాస్తాడు, జపాన్, చైనా, వియత్నాం, లావోస్, ఇరాక్, అఫ్గానిస్థాన్... ఇవన్నీ "ఆ దేశం" బాంబులు వేసిన చోట్లు అంటాడు, ఆ దేశం పేరు మాత్రం ఎత్తడు. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైంది. ఈ సినిమా విడుదలైన నెలలోనే జపాన్ పార్లమెంటు తన సేనల్ని ఇరాక్‌కి పంపే చట్టం చేసింది. ఓడిపోయిన యుద్ధం తర్వాత ఇక సైన్యమే వద్దని రాజ్యాంగంలో రాసుకున్న దేశం అది. అలాంటి నెలలో, ఒక పెద్ద కమర్షియల్ సినిమాలో, ఆ బోర్డు చూపించడానికి గుండె ధైర్యం కావాలి. అందుకే "రాజకీయాల వల్ల చెడింది" అనే మాట నాకు మింగుడుపడదు. మొదటిదాంట్లో రాజకీయాలు లేవా? నిరుద్యోగం 15 శాతం, స్కూలు ఎగ్గొట్టిన పిల్లలు 8 లక్షలు, భయపడిపోయిన పెద్దలు చేసిన చట్టం అనే కదా సినిమా మొదలయ్యేది. కాకపోతే అక్కడ ఆ మాట ఒక్కసారి చెప్పి, తర్వాత అంతా పిల్లల చేతల్లో చూపించారు. ఇక్కడ పాత్రలు ఆగి, మన వైపు తిరిగి, అదే మాట మళ్లీ మళ్లీ చెబుతాయి. చెప్పిన ప్రతిసారీ దాని పదును తగ్గిపోతుంది.

టీచర్‌గా చేసిన రికి తకేఉచి గురించి ఎక్కువ రాయను. ఆయన గొంతు చించుకున్నాడు, మాత్రలు మింగాడు, చివర్లో రగ్బీ జెర్సీ వేసుకుని బంతి పట్టుకుని వచ్చాడు. మొదటిదాంట్లో కితానో గొంతు పెంచకుండానే ఎంత భయపెట్టాడో గుర్తు చేసుకుంటే చాలు.

అయితే కథలో కితానో (పాత్ర పేరూ అదే) కూతురు షియోరి సంగతి అలా వదిలేయలేను. మొదటిదాని చివర్లో కితానో ఒంటినిండా తూటాలతో పడిపోయి, ఫోన్ మోగితే లేచి వెళ్లి మాట్లాడతాడు చూడండి. అవతల కూతురు. తండ్రి అంటే ఆ పిల్లకి అసహ్యం. మాట అయ్యాక ఫోన్‌ని కాల్చేసి, డబ్బాలో మిగిలిన ఆఖరి బిస్కెట్ తిని, బాగుందని చెప్పి చచ్చిపోతాడు. ఆ బిస్కెట్లు నోరికో చేసినవి. సొంత కూతురికి పనికిరాని మనిషి, తనతో మర్యాదగా ఉన్న ఒకే ఒక్క స్టూడెంట్ చేసిన బిస్కెట్ తింటూ పోయాడు. ఆ ఫోన్‌లో గొంతు ఇచ్చిన ఆయ్ మయెదానే రెండో భాగంలో షియోరిగా తెర మీదికి వచ్చింది. నోరికోగా చేసిన అకి మయెదాకి ఆమె సొంత అక్క కూడా. అంటే తండ్రి ప్రేమగా చూసిన అమ్మాయి ముఖమూ, తండ్రి పట్టించుకోని కూతురి ముఖమూ ఒకే ఇంటివి. ఆ పిల్ల తన తండ్రి ఎలాంటివాడో తెలుసుకోవాలని, తండ్రిని చంపినవాడి దగ్గరికి వెళుతోంది. అబ్బ, ఇంతకంటే మంచి రెండో భాగం ఎవరు రాయగలరు? షియోరి, షూయా ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడనిచ్చినా నేను చూసేవాణ్ని. సినిమా ఈ దారాన్ని పట్టుకుంటుంది, బాంబు పేలగానే వదిలేస్తుంది, చివర్లో హడావుడిగా ముడి వేస్తుంది. కొడుకు తండ్రి సినిమాని పూర్తి చేస్తూ, తండ్రి కోసం వెతికే కూతురి కథ చేతిలో పెట్టుకుని, దాన్ని పక్కకి నెట్టి యుద్ధం చూపించడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. పొడుగు వెర్షన్, 'రివెంజ్' అనే పేరుతో ఉన్నది, దాదాపు ఇంకో 20 నిమిషాలు ఉంటుంది. వద్దు. కొన్ని పాత్రలకి కాస్త వివరం కలుస్తుంది, కానీ పైన చెప్పిన జబ్బు ఏదీ తగ్గదు, అలసట పెరుగుతుంది. మొదటిదానికీ స్పెషల్ వెర్షన్ ఉంది, బాస్కెట్‌బాల్ మ్యాచ్ జ్ఞాపకాలు అవీ కలిపారు. అది చూడొచ్చు గానీ మొదట థియేటర్లలో వచ్చిన 114 నిమిషాల వెర్షనే బిగుతుగా ఉంటుంది.

చూడాల్సింది ఏమిటంటే, సీక్వెల్ ఎలా తీయాలో కింజి ఫుకసాకునే ముప్ఫై ఏళ్ల ముందు చూపించారు. 'బ్యాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ' అని 1973 జనవరి నుంచి 1974 జూన్ లోపల తోయీ కంపెనీకి ఐదు భాగాలు తీసేశారు. హిరోషిమా, కూరే ప్రాంతాల్లో యుద్ధం తర్వాత పుట్టుకొచ్చిన గ్యాంగుల కథ, నిజంగా ఆ గొడవల్లో ఉండి జైలుకెళ్లిన మనిషి రాసుకున్న జ్ఞాపకాల ఆధారంగా తీసింది. మనిషి తెర మీదికి రాగానే పేరు, ఏ ముఠావాడో పడుతుంది, చస్తే బొమ్మ ఆగిపోయి చచ్చిన తేదీ పడుతుంది. 'బ్యాటిల్ రాయల్'లో మీరు చూసిన పేర్ల అలవాటు అక్కడి నుంచి వచ్చిందే. ముఖ్యంగా రెండో భాగం, 'హిరోషిమా డెత్‌మ్యాచ్' చూడండి. మొదటిది పెద్ద హిట్ అయితే, ఎవరైనా ఏం చేస్తారు, అదే హీరోని ఇంకా పెద్ద గొడవలోకి దింపుతారు. ఈయన హీరో బుంతా సుగవారాని పక్కన నిలబెట్టి, యమనకా అనే ఒక్క కుర్రాడి మీద కథ నడిపించారు. జైలు నుంచి వచ్చిన అనాథలాంటి కుర్రాడు, ముఠా పెద్దాయన మేనకోడల్ని ప్రేమిస్తాడు, ఆ పెద్దాయనే తీపి మాటలు చెప్పి అతని చేత హత్యలు చేయిస్తాడు. చివరికి పోలీసులు చుట్టుముడితే తనని తానే కాల్చుకుంటాడు. అందులో రౌడీగా చెలరేగిపోయిన సోనీ చిబా మీకు తెలిసిన మనిషే, 'బ్యాటిల్ రాయల్' రెండో భాగంలో, మొదటిదాంట్లో షూయా క్లాస్‌మేట్ అయిన మిమురాకి మావయ్యగా కనిపిస్తాడు. కత్తులు, తుపాకులు, నెత్తురు అన్నీ ఉన్నాయి, అయినా మీకు గుర్తుండేది పెద్దాయన మాట నమ్మేసే యమనకా ముఖమే.

రెండో భాగంలో మిమ్మల్ని కాస్తో కూస్తో కదిలించింది ఆ యుద్ధం మీద కోపమే అయితే, 1972లో ఆయన తీసిన 'అండర్ ద ఫ్లాగ్ ఆఫ్ ద రైజింగ్ సన్' కూడా వెతికి పట్టుకోండి. సైన్యం వదిలి పారిపోయాడని న్యూగినీలో మరణశిక్ష వేశారని చెప్పి, ఒక సార్జెంట్ భార్యకి ప్రభుత్వం పెన్షన్ ఇవ్వదు. నిజంగా ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆమె భర్తతో పనిచేసిన నలుగురు పాత సైనికుల ఇళ్ల తలుపు తడుతుంది, ఒక్కొక్కడూ ఒక్కో కథ చెబుతాడు. ప్రసంగాలు ఉండవు. ఒక భార్య ప్రశ్నలు అడుగుతుంది, మగవాళ్లు చూపు తిప్పేసుకుంటారు, మధ్యమధ్యలో యుద్ధకాలపు ఫొటోలు వస్తాయి. ముందు ఇది చూడండి, తర్వాత హిరోషిమా సినిమాలు మొదటి భాగం నుంచి వరసగా పెట్టుకోండి. పేర్లు చాలా ఉంటాయి, మొదటి అరగంట ఎవరు ఏ ముఠానో తికమకగా ఉంటుంది. అక్కడ ఆపేయకండి, సబ్‌టైటిల్స్‌లో మనుషుల పేర్లు, ముఠాల పేర్లు కాస్త జాగ్రత్తగా చదువుతూ పోతే రెండో భాగానికల్లా అందరూ తెలిసినవాళ్లయిపోతారు.